నల్లగా ఉంటే చాలదు: తక్కువ ధరలో మంచి చలువ అద్దాలు కొనడం ఎలా?

మార్చి దాటిందంటే మంగంపేటలో పొద్దున తొమ్మిదికే కళ్లు పూర్తిగా తెరిచి నడవలేం. పైన ఎండ, కింద బూడిద తెలుపు ముగ్గురాయి పొడి, నడుమ టిప్పర్లు లేపే దుమ్ము. గనిలో పనిచేసేవాళ్లు, మిల్లుల దగ్గర బస్తాలు ఎత్తేవాళ్లు, ఓబులవారిపల్లె నుంచి కోడూరు దాకా బండి మీద తిరిగేవాళ్లు, బొప్పాయి, అరటి తోటల్లో కూలికి పోయేవాళ్లు అందరూ చేసే పని ఒకటే. కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చిట్లించి చూడటం.

ఈ కష్టానికి చలువ అద్దాలు మందు. అయితే వాటిని మనం సోకు వస్తువుగా చూస్తాం. పెళ్లికొడుకు పెట్టుకుంటాడు, సినిమా హీరో పెట్టుకుంటాడు, శుక్లం ఆపరేషన్ అయిన అవ్వ పెట్టుకుంటుంది. ఎండలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషి మాత్రం పెట్టుకోడు. ఒకవేళ కొన్నా, రోడ్డు పక్కన తడికె మీద గుచ్చి పెట్టినవాటిలో అన్నిటికన్నా నల్లటిది ఏరుకుంటాడు. అక్కడే తప్పు జరుగుతోంది.

మా బంధువుల్లో మామ వరసైన ఒకాయన టిప్పరు నడుపుతాడు. తిరునాళ్లలో ఎనభై రూపాయలకు కొన్న అద్దాలు రెండు ఎండాకాలాలు పెట్టుకున్నాడు. "నల్లగుంటే సల్లగుంటాది లేబ్బీ" అనేవాడు. సాయంత్రానికి కళ్లు ఎర్రగా, తల దిమ్ముగా ఉండేది. దుమ్ము వల్లే అనుకున్నాం. ఒకరోజు చదువుకునే అద్దాల కోసం మామతో కలిసి కళ్లద్దాల షాపుకు పోయినప్పుడు, వీటిని కూడా ఒకసారి చూడమని అడిగాను. షాపతను ఊదారంగు లైటు ఒకటి తీసి, "అన్నా, ఐదొందల నోటు ఉంటే ఇయ్యి" అన్నాడు. నోటు బల్ల మీద పెట్టి లైటు వేస్తే నంబర్లు మిలమిల మెరిశాయి, కాగితంలో సన్నటి పోగులు అక్కడక్కడా వెలిగాయి. లైటుకీ నోటుకీ నడుమ మామ అద్దం అడ్డం పెట్టాడు. నంబర్లు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి. తర్వాత షాపులోని వేరే అద్దం పెట్టాడు. మామ అద్దం కన్నా సగం నలుపు కూడా లేదు అది. నోటు మీద మెరుపు ఠక్కున ఆరిపోయింది.

మామ చాలాసేపు ఆ రెండు అద్దాలనూ మార్చి మార్చి పెట్టి చూశాడు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నదంతా ఆ బల్ల మీదే ఉంది.

ముందుగా తెలుసుకోవలసింది

ఎండలో కంటికి కనిపించే వెలుతురుతో పాటు కనిపించని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. షాపుల్లో వీటినే యూవీ అంటారు. నలుపు రంగు ఆపేది కనిపించే వెలుతురును. యూవీని ఆపేది అద్దం తయారైన పదార్థం, లేదా దానిలో కలిపిన మందు, లేదా పైన వేసిన పూత. ఈ రెండూ వేరువేరు సంగతులు. నీళ్లలా తేటగా ఉన్న అద్దం యూవీని పూర్తిగా ఆపగలదు, బొగ్గులా ఉన్న అద్దం వదిలేయగలదు.

వదిలేసే నల్లద్దం అసలు అద్దం లేకపోవడం కన్నా చెడ్డది కావచ్చు. ఎండలో మన కనుపాప తనంతట తానే చిన్నదవుతుంది, రెప్పలు ముడుచుకుంటాయి. అది దేవుడిచ్చిన అడ్డు. నల్లద్దం పెట్టగానే కంటికి చీకటి పడినట్టు అనిపించి కనుపాప విచ్చుకుంటుంది, రెప్పలు తెరుచుకుంటాయి. ఆ తెరుచుకున్న వాకిట్లోంచి యూవీ నేరుగా లోపలికి పోతుంది.

ఏళ్ల తరబడి ఎండ తిన్న కంటికి వచ్చే జబ్బులు మన పల్లెల్లో అందరూ చూసినవే. ఒకటి శుక్లం. రెండోది, తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పాకడం. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న కొన్ని ప్రాంతాల్లో తిరిగి కళ్లు పరీక్షించారు. ఈ కండ పెరగడానికీ ఆరుబయట పనికీ సంబంధం ఉందని ఆ పరిశీలనలోనూ తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో యూవీ సూచిక 11, ఆపైన ఉంటే అత్యంత తీవ్రం. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఆకాశం తేటగా ఉంటే మన సీమలో ఆ అంకె రావడం మామూలే. ఫోనులో వాతావరణం చూసే యాప్ తెరిస్తే ఏ పూట ఎంతుందో కనబడుతుంది.

మొదటి పని: అద్దాలు దేనికో తేల్చుకోండి

బండి మీద తిరగడానికా, పొలంలో పనికా, గనిలోకా, లారీ నడపడానికా? దుమ్ములో ఉండేవాళ్లకు పక్కల నుంచి కూడా కప్పే వంపు అద్దాలు కావాలి. లారీ, బస్సు నడిపేవాళ్లకు రోడ్డు మీది తళతళ తగ్గించేవి కావాలి. ముందు ఇది తేల్చుకోకుండా షాపుకు పోతే అద్దంలో మన మొహం చూసుకుని కొనుక్కొస్తాం.

రెండో పని: చీటీ చదవండి

అద్దం మీద అంటించిన చీటీ మీదో, కాడ లోపలి వైపునో ఇంగ్లీషులో యూవీ 400 అని ఉండాలి. అంటే 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను, అంటే యూవీ మొత్తాన్ని ఆపుతుందని అర్థం. "యూవీ ప్రొటెక్షన్" అని ఊరికే రాసి అంకె లేకపోతే దాన్ని నమ్మవద్దు. దాని పక్కనే కేటగిరీ అని 0 నుంచి 4 దాకా ఒక అంకె ఉండవచ్చు. అది నలుపు కొలత. మన ఎండకు 3 సరిపోతుంది. నూటికి 8 నుంచి 18 వంతుల వెలుతురునే లోపలికి రానిస్తుంది. 4 కొనకండి. అది మంచు కొండల మీద తిరిగేవాళ్లకు. అది పెట్టుకుని బండి నడపకూడదు.

చీటీ ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. తిరునాళ్ల అద్దాల మీద కూడా యూవీ 400 చీటీ తళతళలాడుతూ ఉంటుంది. కాబట్టి చీటీ దగ్గర ఆగవద్దు.

మూడో పని: పరీక్షించండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, పైగా ఖర్చు లేనిది. కొన్ని కళ్లద్దాల షాపుల్లో యూవీ కొలిచే చిన్న మీటరు ఉంటుంది. అద్దాన్ని దాని చీలికలో పెడితే ఎంత దాటుతోందో అంకె చూపిస్తుంది. మీటరు లేకపోతే, ఎండకు రంగు మారే అద్దాలను చూపించడానికి వాడే ఊదా లైటైనా ఉంటుంది. దానితో నోటు పరీక్ష చేయమనండి. మన నోట్ల నంబర్లు యూవీ పడితే మెరిసే సిరాతో అచ్చు వేస్తారు, అందుకే ఈ పని జరుగుతుంది. ఒక్క జాగ్రత్త: అద్దం లైటుకీ నోటుకీ నడుమ ఉండాలి. మీ కంటికీ నోటుకీ నడుమ పెట్టి చూస్తే మెరుపు ఎలాగూ తగ్గినట్టే కనబడుతుంది, ఏమీ తేలదు. ఇంకొకటి, ఇది పైపై పరీక్ష. మరీ నల్లటి అద్దం యూవీని సగం సగం ఆపి కూడా మెరుపును కాస్త తగ్గించగలదు. మెరుపు తగ్గడం వేరు, ఆరిపోవడం వేరు. అనుమానం వస్తే మీటరు ఉన్న షాపుకే వెళ్లండి. కొనకపోయినా చూసిపెట్టమని అడగడంలో సిగ్గు లేదు.

తర్వాత గీత పరీక్ష. అద్దాలను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక అద్దంలోంచి షాపు తలుపు అంచునో, ట్యూబులైటునో చూడండి. అద్దాన్ని మెల్లగా పైకీ కిందికీ, పక్కలకీ కదపండి. గీత నిటారుగానే ఉంటే మంచి అద్దం. నీళ్లలో పడ్డ కర్రలా వంగినా, అలలా కదిలినా ఆ అద్దం సరిగ్గా పోత పోయలేదని అర్థం. అంచుల దగ్గర కొంచెం వంగితే ఫరవాలేదు, నడిమిలో వంగకూడదు. మామకు తల దిమ్మెక్కడానికి కారణం ఇదేనని నా అనుమానం. వంకర అద్దంలోంచి రోజంతా రోడ్డు చూస్తే కళ్లు అలసిపోవా?

నాలుగో పని: మొహానికి సరిపోయేది చూడండి

అద్దాలు పెట్టుకుని కిందికి వంగి తల ఊపండి. జారితే వద్దు, చెమట పడితే ఇంకా జారుతుంది. కనుబొమకూ ఫ్రేముకూ మధ్య వేలు పట్టేంత సందు ఉంటే పై నుంచి ఎండ దూరుతుంది. చిన్న గుండ్రటి అద్దాలు ఫోటోకు బాగుంటాయి గానీ పనికి పనికిరావు. కాడలు వెడల్పుగా, అద్దం పక్కలకు కొంచెం వంగి ఉన్నవి తీసుకోండి. ఇనుప ఫ్రేము మన ఎండకు కాలి చెంపలకు చురుక్కుమంటుంది, ప్లాస్టిక్కే మేలు.

రంగు సంగతి తక్కువలో చెప్తాను. బూడిద రంగు, లేదా గోధుమ రంగు. బూడిద రంగులో వస్తువుల రంగులు మారవు, సిగ్నల్ లైట్లు సరిగ్గా తెలుస్తాయి. నీలం, ఎరుపు, అద్దంలా మెరిసే పూతలు అందానికే.

పోలరైజ్డ్ అని ఇంకొక రకం ఉంది. తారురోడ్డు మీద, నీళ్ల మీద, ముందు పోయే కారు అద్దం మీద పడి కొట్టే తళుకును ఇది కోసేస్తుంది. దూరం బండి నడిపేవాళ్లకు నిజంగా సుఖం. అసలుదో కాదో తెలియాలంటే వాటిలోంచి ఫోను తెర చూస్తూ అద్దాన్ని మెల్లగా తిప్పండి. చాలా ఫోన్లలో ఒక చోట తెర నల్లబడుతుంది. కానీ పోలరైజ్డ్ అయినంత మాత్రాన యూవీ ఆగుతుందని కాదు. ఆ పరీక్ష వేరుగా చేయాల్సిందే.

ఐదో పని: ఎక్కడ కొనాలి

ఇక్కడ నా మాట కొంచెం కొత్తగా అనిపించవచ్చు. ఎండలో, దుమ్ములో పనిచేసేవాళ్లు కళ్లద్దాల షాపు కన్నా ముందు హార్డ్‌వేర్ షాపుకు వెళ్లండి. హెల్మెట్లు, గ్లౌజులు, బూట్లు అమ్మే చోట పని అద్దాలు దొరుకుతాయి, సేఫ్టీ గాగుల్స్ అని అడగాలి. త్రీఎం, కరమ్, ఉద్యోగి లాంటి కంపెనీలు వీటిని చేస్తాయి. తెల్లవి, బూడిద రంగువి రెండూ ఉంటాయి. వీటి అద్దం సాధారణంగా పాలీకార్బొనేట్. ఆ పదార్థానికి పుట్టుకతోనే యూవీని దాదాపు మొత్తం ఆపే గుణం ఉంది. పైగా రాయి ముక్క ఎగిరి తగిలినా గాజులా పగిలి కంట్లో గుచ్చుకోదు. పక్కలు కూడా కప్పి ఉంటాయి. బూడిద రంగు జత నూరు నుంచి మూడొందల లోపు వస్తుంది. తిరునాళ్ల అద్దాలకు పెట్టిన డబ్బుకు ఇంకొక వంద కలిపితే చాలు.

కాడ మీద గుర్తులు చూడండి. ఐఎస్ 5983 అని ఉంటే మన దేశపు కంటి రక్షణ ప్రమాణం. ఈఎన్ 166 ఐరోపావాళ్లది, ఈఎన్ 172 అని ఉంటే ఎండ కోసం చేసినది. ఏ గుర్తూ లేనిది వదిలేయండి.

ఊరికి, పెళ్లికి కూడా పెట్టుకోవాలంటే కళ్లద్దాల షాపుల్లో, కంపెనీ షోరూముల్లో వెయ్యి రూపాయలకు అటూ ఇటుగా మంచివి దొరుకుతాయి. అంతకు మించి పెట్టే డబ్బు చాలావరకు పేరుకూ ఫ్రేముకూ పోతుంది. ఆన్‌లైన్లో కొంటే వాపసు తీసుకుంటారో లేదో ముందు చూసుకుని, రాగానే నోటు పరీక్ష చేయించండి. దృష్టి అద్దాలు ఉన్నవాళ్లు వాటి మీదనే పెట్టుకునే పెద్ద పని అద్దాలు అడగండి. లేదంటే మీ పవరుతోనే రంగు అద్దాలు చేయించుకోవచ్చు.

కొన్న తర్వాత

పాలీకార్బొనేట్‌కు పెద్ద శత్రువు గీతలు. అద్దం మీద పడ్డ దుమ్మును పైటకొంగుతోనో, తువ్వాలుతోనో తుడిస్తే ఇసుకరేణువులు గీకుతాయి. ముందు నీళ్లతో కడగాలి, తర్వాతే మెత్తటి గుడ్డతో అద్దాలి. మధ్యాహ్నం టిప్పరు డ్యాష్‌బోర్డు మీద వదిలితే ఫ్రేము వంకర పోతుంది. పొద్దుగూకిన తర్వాత రంగు అద్దాలతో బండి నడపకండి. ఏ చలువ అద్దంతోనూ వెల్డింగ్ మంటను, సూర్యగ్రహణాన్ని చూడకండి. తెల్లగుడ్డు మీద ఎర్రటి కండ కనబడినా, చూపు మసకబారినా అద్దాలతో సరిపెట్టుకోకుండా కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

మామ ఇప్పుడు రెండొందల రూపాయల బూడిద రంగు పని అద్దాలు పెట్టుకుంటున్నాడు. క్లీనరు పిల్లోడికి కూడా ఒక జత కొనిచ్చాడు.

మీ ఇంట్లో ఇప్పటికే ఒక జత ఉంటే కొత్తది కొనకముందు దాన్నీ, ఒక ఐదొందల నోటునూ జేబులో వేసుకుని దగ్గర్లోని కళ్లద్దాల షాపుకు వెళ్లండి. మెరుపు ఆరిపోతే ఉన్నదే వాడుకోండి. ఆరకపోతే ఆ జతను పిల్లల చేతికి కూడా ఇవ్వకండి.