వంశవృత్తాంత పరిశోధనమున పాతపత్రికల ప్రామాణ్యము

పార్వణశ్రాద్ధమున మనము పితృ పితామహ ప్రపితామహుల పేర్లు ఉచ్చరింతుము. నాల్గవ తరమువారి పేరడిగినచో పండితగృహములందును తరచుగా మౌనమే సమాధానము. గోత్రప్రవరలు మనలను ఋషులకు చేర్చును. ఋషులకును ముత్తాతకును నడుమ గడచిన తరములను గూర్చి అవి పలుకవు. ఆ నడిమి చీకటిలో, కనీసము గడచిన నూరేండ్లవరకు, పాత తెలుగు పత్రికలవలన కొంత వెలుగు లభించుచున్నది. ఆ వెలుగును ఎంతవరకు నమ్మవచ్చునో విచారింతము.

కృష్ణాపత్రిక 1902లో బందరున వెలసినది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసునుండి దినపత్రికయైనది. గోలకొండపత్రిక 1926లో హైదరాబాదున ప్రారంభమైనది. తెలంగాణ కుటుంబములవారు మొదట చూడవలసినది దానినే. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వత నికేతనమునందు పాతసంచికలను భద్రపరచిన సంగతి పరిశోధకులకు తెలిసినదే. ఇట్టి పత్రికలలో సామాన్యగృహస్థు కనబడునా యని కొందరి శంక. సంపాదకీయములలో కనబడడు. సభావార్తలు, చందాల పట్టికలు, కోర్టు ప్రకటనలు, వేలము నోటీసులు, 1930 ఉప్పుసత్యాగ్రహమున శిక్షపడినవారి పేర్లు: ఇట్టి చిన్న యక్షరముల చోటులను వెదకవలెను. స్త్రీలు వార్తలలో తరచుగా ‘ఫలానావారి భార్య’ యనియే కనబడుదురు. వారి సొంతపేర్లు కావలెనన్నచో 1902 నాటి హిందూసుందరిని, 1928లో పుట్టిన గృహలక్ష్మిని తిరగవేయుట మేలు.

ఇక నా యనుభవము. మా ప్రపితామహుల ప్రత్యాబ్దికము మాఘశుద్ధమున జరుగును. వారు కాళయుక్తి సంవత్సరమున గతించిరని మా తండ్రిగారు చెప్పెడివారు. కాళయుక్తి యనగా 1918 అని వ్రాసికొని, ఆ యేటి సంచికలను నాలుగు దినములు తిరగవేసితిని, ఏమియు దొరకలేదు. పంచాంగము చదువనేర్చినవాడు చేయదగిన పొరపాటు కాదిది. ఆ కాళయుక్తి 1918 ఏప్రిలులో మొదలైనది గాన దాని మాఘమాసము 1919 ఫిబ్రవరిలో పడినది. 1919 సంచికల కట్ట విప్పిన పూటనే నాలుగు పంక్తుల మరణవార్త కనబడినది. అందును ఒక చిక్కు కలదు. ‘క్రిందటి గురువారమున’ అని వార్త. అది విలేఖరి జాబు వ్రాసిన దినమునకు క్రిందటిదా, అచ్చయిన దినమునకు క్రిందటిదా? జాబు టపాలో వచ్చి అచ్చగుటకు వారము పది దినములు పట్టెడి కాలమది. మా యింటి తిథి తోడైనగాని ఆ వారము తేలలేదు. పత్రిక ఇంటిమాటను సరిదిద్దినది, ఇంటిమాట పత్రికను సరిదిద్దినది.

ఆ నాలుగు పంక్తులు నా పాతవ్రాతనొకదానిని కూలద్రోసినవి. ముప్పది యేండ్ల క్రిందట ఒక చిన్నగ్రంథపు పీఠికలో, మా ప్రపితామహులు 1921లో ఒక పండితసభయందు శతావధానము గావించిరని వ్రాసితిని. పత్రికావార్తయే ఆధారము. ఇంటిపేరు, పేరు, ఊరు మూడును సరిపోయినవి. కాని 1919లో గతించినవారు 1921లో అవధానము చేయుటెట్లు? తాతపేరు మనుమనికి పెట్టుట మన యాచారము గదా! ఆ యవధాని వారి జ్యేష్ఠపుత్రుని కుమారుడు, నాకు పెదతండ్రి వరుస. 1923 నాటి మరియొక వార్తలో అతని మరణమును, ‘ఫలానావారి పౌత్రుడు’ అను విశేషణమును కనబడినవి. ఇరువదియైదేండ్లయిన నిండక, సంతతి లేక పోయినవాడు. మా యింట ఎవ్వరి నోటను అతని మాట రాలేదు. 1921 వార్తను మరల తీసి చూచితిని. పేరునకు ముందు ‘చి.’ అని స్పష్టముగా నున్నది. ముత్తాతగారైనచో ‘బ్రహ్మశ్రీ’ యని యుండవలెను. తొలిచూపున ఆ యొక్క యక్షరమును నేను లెక్కచేయలేదు. కుటుంబకీర్తియందలి మోహము కన్నులను కప్పెననుటకంటె వేరు కారణము తోచదు.

నైయాయికులు ఆప్తుని వాక్యమునే శబ్దప్రమాణముగా గ్రహింతురు. మరి గ్రామవిలేఖరి ఆప్తుడా? పెక్కుచోట్ల అతడు పొగడబడినవారి బంధువో శిష్యుడో యగును. కావున మీమాంసకుల మార్గమున, ‘అసమానపండితులు’, ‘సభ్యులెల్ల ముగ్ధులైరి’ వంటివానిని అర్థవాదముగా నుంచి, పేరు, ఊరు, తేది, బంధుత్వములను మాత్రము విడదీసి పరీక్షింపవలెను. ఒక్క వార్తతో తృప్తిపడరాదు. దత్తతవలన ఇంటిపేరు మారియుండవచ్చును. అట్టిచోట సోదరులిరువురు రెండు వంశములవారుగా కనబడుదురు. మండలముల హద్దులును మారినవి. గుంటూరు మండలము 1904లో ఏర్పడినది. దానికి పూర్వపు బాపట్ల వార్తలను కృష్ణామండలము క్రింద, ఒంగోలు వార్తలను నెల్లూరు క్రింద వెదకవలెను. 2022లో బాపట్లయే జిల్లాయైనది గాన నేటి విద్యార్థి మరింత తికమకపడును.

పాతసంచికల ఛాయాచిత్రములను ఇప్పుడు కంప్యూటరు తెరపైనను చూడవచ్చును. నా శిష్యులు పేరు టైపుచేసి వెదకి, లేదని చెప్పుదురు. వలపలగిలకతో నచ్చైన ‘శమ౯’ను యంత్రము ‘శర్మ’గా గుర్తింపదు, ఆ గుర్తును తొమ్మిది యంకెగా చదివినను చదువును. అరసున్నలు, శకటరేఫములు సరేసరి. పుట పుటయు కంటితో చదువుటకు బదులు మార్గము నాకింతవరకు కనబడలేదు.

పై పీఠికకు సవరణపత్రమును అచ్చొత్తించి, చేతికందిన ప్రతులయందెల్ల అతికించితిని. గత మహాలయమున కారుణ్యపితరుల వరుసలో ఆ పెదతండ్రిగారి పేరు చేర్చి తిలోదకములు విడిచితిని. ఆ గ్రంథపు ప్రతులు కొన్ని ఇంకను ప్రాచ్యకళాశాలల గ్రంథాలయములలో నున్నవి. చూచిన అధ్యాపకులు పీఠిక రెండవ పుటలో ‘ప్రపితామహులు’ అనుచోట ‘ప్రపితామహుల పౌత్రులు’ అని దిద్దుకొన ప్రార్థన.