బ్రాహ్మీముహూర్తమున పరుగు – అర్ధశక్తి నియమము

సూర్యోదయమునకు ముందే లేచి వీధులలోను, చెరువుగట్లపైనను పరుగిడువారు నేడు పల్లెలందును పట్టణములందును కానవచ్చుచున్నారు. ఇది మేలైన అలవాటే. అయినను ఆచారపరాయణులగు గృహస్థులకు ఒక సందేహము కలుగుచుండును. ఆ వేళ భగవచ్చింతనకును, సంధ్యావందనమునకును ఏర్పడినది కదా! దానిని దేహవ్యాయామమునకు వినియోగించుట తగునా? దీనికి శాస్త్రములందే సమాధానము కలదు.

ముందుగా కాలనిర్ణయము. ఘడియ యనగా 24 నిమిషములు. రెండు ఘడియలు ఒక ముహూర్తము. సూర్యోదయమునకు నాలుగు ఘడియల ముందు, అనగా 96 నిమిషముల ముందు, బ్రాహ్మీముహూర్తము ప్రారంభమై 48 నిమిషములుండును. ఏకాదశీ నిర్ణయమున వైష్ణవులు పరికించు అరుణోదయము మొదలగునదియు అప్పుడే. ఆరు గంటలకు సూర్యోదయమగునాడు 4-24కు బ్రాహ్మీముహూర్తము ప్రవేశించును.

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున దినచర్యను ఈ వేళతోనే ఆరంభించినాడు. మేల్కాంచినవాడు శౌచము, దంతధావనము ముగించి, అభ్యంగము, వ్యాయామము చేసి, పిమ్మట స్నానమాడవలెనని ఆయన చూపిన క్రమము. వ్యాయామము స్నానమునకు ముందు. సంధ్య స్నానమునకు పిమ్మట. కనుక రెండింటికిని విరోధము లేదు. 4-24కు హరిస్మరణతో లేచినవాడు 4-45కు బయలుదేరి, అరగంట పరుగిడి, చెమట ఆరిన పిమ్మట స్నానము చేసి, నక్షత్రములు పూర్తిగా మాయము కాకమునుపే సంధ్యకు కూర్చుండవచ్చును. పరుగు కారణమున సంధ్య తప్పినచో ఆ దోషము పరుగుది కాదు, ఆలస్యముగా లేచుటది.

ఇక ఎంత పరుగిడవలెను? బలవంతుడును, నేయి మొదలగు స్నిగ్ధాహారము భుజించువాడును సైతము చలికాలమునను, వసంతమునను తన శక్తిలో సగము మాత్రమే వ్యాయామమునకు వినియోగింపవలెను. తక్కిన ఋతువులలో అంతకంటె తక్కువ. ధనుర్మాసము హేమంతముననే వచ్చును గనుక, గోదాదేవి చెలులను మేలుకొలిపిన ఆ తెల్లవారుజాములు వ్యాయామమునకును అనుకూలములే.

సగము శక్తి యని తెలియుట యెట్లు? హృదయస్థానమందలి వాయువు నోటికి వచ్చుటయే దానికి గుర్తని సుశ్రుతుడు తెలిపినాడు. భక్తుడు దీనిని మరింత సులభముగా పరీక్షించుకొనవచ్చును. అడుగడుగునకు భగవన్నామమును పెదవులతో పలుకుచు సాగవలెను. నామము తడబడక వచ్చుచున్నంతవరకు పరుగు హద్దులో నున్నది. ఊపిరి చాలక నామము ఆగినచోట పరుగును నడకగా మార్చవలెను. మాటలాడగలుగుచు చేయు శ్రమ మితమైనదని నేటి వైద్యులును చెప్పుదురు.

ఈ హద్దు మరచుట ప్రమాదము. అతివ్యాయామము చేయువాడును, రాత్రి జాగరణములలో మునుగువాడును ఏనుగును ఈడ్వబోయి నశించిన సింహము వంటివారని వాగ్భటుడు హెచ్చరించినాడు. బాలురకు, వృద్ధులకు, అజీర్ణముతో నున్నవారికి వ్యాయామము వలదన్నాడు. ఆకలిదప్పులతో నున్నవారు మానవలెనని చరకసంహిత చెప్పుచున్నది. కావున ఏకాదశీ ఉపవాసమున్ననాడు పరుగు మాని, మెల్లగా నడచుటయే ఉచితము.

కొందరు యాత్రికులు రాత్రియంతయు ప్రయాణము చేసి, నిద్రలేక, పస్తుతో అలిపిరి చేరి, 3,500కు పైగా నున్న మెట్లను పందెము వలె పరుగున ఎక్కుదురు. మ్రొక్కు కొండ నెక్కుటకే కాని వేగమునకు కాదు. గుండెజబ్బు గలవారు వైద్యుని అనుమతి లేక ఇట్టి సాహసము చేయరాదు. అతినిద్రయు, నిద్రలేమియు రెండును యోగమునకు తగవని గీత ఆరవ అధ్యాయమున భగవానుడే సెలవిచ్చెను. పెందలకడ నిద్రించువానికే పెందలకడ లేచుట శోభించును.

దేహము స్వామి కైంకర్యమునకై లభించినది. దానిని సోమరితనముచే తుప్పు పట్టింపరాదు, దురాశచే విరుగగొట్టరాదు. సగము శక్తిని వ్యాయామమున వెచ్చించి, మిగిలిన సగముతో సంధ్యను, సంసారమును, సేవను నడపుకొనువాని ఉదయము సార్థకము.