విమానాల శిబిరంలో మన హాస్టల్ పిల్లలు

మన హాస్టల్ డాబా మీద పడుకున్న ప్రతి విద్యార్థికీ రాత్రిపూట ఆకాశంలో మిణుకు మిణుకుమంటూ పోయే దీపాలు పరిచయమే. మేము కూడా పదో తరగతి దాకా వాటిని లెక్కపెట్టినవాళ్ళమే. ఎడమ రెక్క కొసన ఎర్ర దీపం, కుడి రెక్క కొసన ఆకుపచ్చ దీపం, తోక దగ్గర తెల్ల దీపం ఉంటాయనీ, ఎరుపూ ఆకుపచ్చా రెండూ కనబడితే విమానం మనవైపే వస్తోందనీ అప్పుడు మాకెవరూ చెప్పలేదు. ఎవరినైనా అడగాలని మాకూ తోచలేదు. విమానం మన సంగతి కాదనుకున్నాం.

గత మే నెలలో ఒక స్వచ్ఛంద సంస్థవాళ్ళు నగర శివారులోని చిన్న ఎయిర్‌స్ట్రిప్ పక్కన వారం రోజుల వేసవి శిబిరం పెట్టారు. మన హాస్టల్ నుంచి ఇరవై రెండు మంది తమ్ముళ్ళు, బాలికల హాస్టల్ నుంచి పది మంది చెల్లెళ్ళు వెళ్ళారు. అందరూ ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళే. వార్డెన్ సార్ పిలిస్తే పాత విద్యార్థులం ముగ్గురం తోడుగా వెళ్ళాం. ముగ్గురమూ ఫిజిక్స్‌లో పీజీ చేసినవాళ్ళం, మా మా ఇళ్ళలో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం. పిల్లలకు పాఠం చెప్పడానికే వెళ్ళామనుకున్నాం. రెండో రోజుకే ఆ భ్రమ పోయింది.

మొదటి రోజు పరిచయాలతో, విమాన భాగాల పేర్లతో గడిచింది. ఎయిర్‌స్ట్రిప్‌లో నాలుగు సీట్ల సెస్నా 172 విమానం ఉంది. ఖాళీ బరువు సుమారు 750 కిలోలు. ఒక అంబాసిడర్ కారు కంటే తేలికైన వస్తువు ఆకాశంలోకి పోతుందంటే మన పిల్లలు ఒక పట్టాన నమ్మలేదు.

రెండో రోజు ‘విమానం ఎలా ఎగురుతుంది’ అన్న పాఠం మమ్మల్నే చెప్పమన్నారు. గైడులో చదివి, పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్న జవాబే కదా అని ధైర్యంగా మొదలుపెట్టాం. రెక్క పైభాగం వంపుగా ఉంటుంది, పైన పోయే గాలి ఎక్కువ దూరం ప్రయాణించాలి, కింది గాలితో పాటే వెనుక అంచుకు చేరాలి కాబట్టి వేగంగా పోతుంది, వేగం పెరిగితే పీడనం తగ్గుతుంది, అందుకే రెక్క పైకి లేస్తుంది. బోర్డు మీద బొమ్మ కూడా వేశాం.

వెనక వరుసలోంచి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు లేచాడు. "అన్నా, మనం నోటుబుక్కు కాయితంతో చేసే రాకెట్ రెక్క పలకలాగ ఉంటది. దానికి వంపు లేదు. మరి అదెట్లా ఎగురుతది?"

మా ముగ్గురి దగ్గరా జవాబు లేదు. అయిదేళ్ళు ఫిజిక్స్ చదివి కాయితం రాకెట్ గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ నవ్వి బోర్డు దగ్గరికి వచ్చారు. మేము చెప్పినదాంట్లో ఒక ముక్క తప్పు అన్నారు. పై గాలీ కింది గాలీ ఒకేసారి వెనుక అంచుకు చేరాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. గాలి సొరంగంలో పొగ వదిలి చూస్తే పైన పోయే గాలి ఇంకా ముందే చేరుతుందట. పైన వేగం ఎక్కువ, పీడనం తక్కువ అన్నది నిజమే. దానికి చెప్పిన కారణమే తప్పు.

అసలు సంగతి ఇది. రెక్కను కొంచెం ముందు అంచు పైకి ఉండేలా వాల్చి గాలిలోకి తోస్తే, అది గాలిని కిందికి మళ్ళిస్తుంది. రెక్క గాలిని కిందికి నెడితే గాలి రెక్కను పైకి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం, మనం తొమ్మిదో తరగతిలో బట్టీ పట్టినదే. వంపు ఉన్న రెక్క ఈ పనిని తక్కువ శ్రమతో చేస్తుంది, పలక రెక్క ఎక్కువ శ్రమతో చేస్తుంది, అంతే తేడా. నమ్మకం కుదరనివాళ్ళు టేబుల్ ఫ్యాన్ ముందు అట్టముక్క పట్టుకుని, ముందు అంచును మెల్లగా పైకి వాల్చి చూడండి. అట్ట పైకి లేవబోతుంది. ఇంకా ఇంకా వాలిస్తే ఒకచోట ఆ పట్టు సడలి, అట్ట వెనక్కి తోసుకుపోవడమే మిగులుతుంది. విమానం రెక్కకు ఆ కోణం సుమారు 15 డిగ్రీలు. అది దాటితే పైన గాలి రెక్కను అంటిపెట్టుకుని పారదు, చెదిరిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. స్టాల్ అంటే ఇంజిన్ ఆగిపోవడమని మేమూ అనుకునేవాళ్ళం, కాదు.

పరీక్షలో అన్నీ రాసి వచ్చిన మాకు ఆ రోజు తల కొట్టేసినట్టయింది. కానీ ప్రశ్న వేసిన తమ్ముడు మన హాస్టల్ వాడే అన్న సంతోషం దాన్ని మించిపోయింది.

మూడో రోజు గ్లైడర్ల తయారీ. ఈ భాగాన్ని కాస్త వివరంగా రాస్తున్నాం, ఎందుకంటే దీన్ని మన హాస్టల్ ఆవరణలోనే చేయవచ్చు. మూడు మిల్లీమీటర్ల మందం థర్మోకోల్ షీటులో 30 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పుతో రెక్క కోయాలి. వెనక తోకకు 10 సెంటీమీటర్లు పొడవు, 4 వెడల్పు ఉన్న ముక్క. దాని మీద నిలువుగా ఇంకో చిన్న ముక్క. శరీరానికి 28 సెంటీమీటర్ల సన్నని వెదురు బద్ద చాలు. ముక్కు నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర రెక్క ముందు అంచు రావాలి. రెక్కను మధ్యలో కొద్దిగా విరిచి రెండు కొసలూ రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేచేలా అతికించాలి. ఆ వాలు వల్లే గ్లైడర్ ఒక పక్కకు ఒరిగినా మళ్ళీ సర్దుకుంటుంది.

నలుగురికొకటి చొప్పున ఎనిమిది గ్లైడర్లు తయారయ్యాయి. అందరూ ఉత్సాహంగా విసిరారు. ఆరు గ్లైడర్లు ముక్కు పైకెత్తి, గాలిలో ఒక్క క్షణం ఆగి, తోక మీద కూలబడ్డాయి. రెక్క అతుకులు ఊడాయి. చెల్లెళ్ళలో ఒకమ్మాయికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనవాళ్ళకు అలవాటైన మాట అప్పుడే వినబడింది: "మనకు రాదులే."

మేడమ్ ఎవరినీ ఓదార్చలేదు. ఒక గ్లైడర్ తీసుకుని, రెక్క కింద ఇటొక వేలు అటొక వేలు పెట్టి నిలబెట్టారు. అది తోకవైపు ఒరిగిపోయింది. బరువంతా ఎక్కడ తూగుతుందో ఆ బిందువే గురుత్వ కేంద్రం. ఈ గ్లైడర్‌కు అది రెక్క ముందు అంచు నుంచి సుమారు 2 సెంటీమీటర్ల వెనక ఉండాలి. అంతకంటే వెనక్కి పోతే ముక్కు లేస్తుంది, స్టాల్ అవుతుంది. మరీ ముందుకు వస్తే ముక్కు కిందికి పెట్టి నేలను గుద్దుతుంది. కాబట్టి ముక్కుకు కొంచెం బంకమన్ను అంటించి, వేళ్ళ మీద సమంగా నిలిచేదాకా సరిచూడాలి.

వాళ్ళిచ్చిన బంకమన్ను నాలుగు గ్రూపులకే సరిపోయింది. ఇద్దరు తమ్ముళ్ళు పోయి కుళాయి కింద తడిసిన నల్లరేగడి మట్టి తెచ్చారు. చిటికెడు అంటించడం, విసరడం, చిటికెడు తీయడం, మళ్ళీ విసరడం. సాయంత్రం టీ కూడా మరిచిపోయారు. చీకటి పడే వేళకు నల్లమట్టి ముక్కున్న గ్లైడర్ ఒకటి మేము అడుగులతో కొలిస్తే ఇరవై రెండు మీటర్లు పోయింది. పొద్దున ఏడ్చిన చెల్లెలి గ్రూపుదే అది.

నాలుగో రోజు రన్‌వే సంగతులు, రేడియో సంగతులు. రన్‌వే మీద రాసిన అంకె వరస సంఖ్య కాదు, దిక్సూచి డిగ్రీలను పదితో భాగిస్తే వచ్చేది. తూర్పు 90 డిగ్రీలు కాబట్టి 09, పడమర 270 కాబట్టి 27. బేగంపేట రన్‌వే, 2008లో మొదలైన శంషాబాద్ రన్‌వేలు కూడా 09, 27 దిక్కులవే. గాలి ఎటు నుంచి వీస్తే అటు ముఖం పెట్టి విమానం లేస్తుంది.

రేడియో భాష ఇంగ్లీషు అనగానే తెలుగు మీడియం తమ్ముళ్ళ తలలు వంగాయి. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ భయం ఉత్తది కాదు. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద రెండు విమానాలు ఆకాశంలోనే ఢీకొని 349 మంది చనిపోయారు. కజకిస్తాన్ విమానాన్ని 15,000 అడుగుల దగ్గర ఉండమన్నారు, సౌదీ విమానాన్ని 14,000 దగ్గర ఉండమన్నారు. కజక్ విమానం ఇంకా కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోవడమూ చర్చకు వచ్చింది. అంతర్జాతీయ విమానాలు నడిపే పైలట్లకు, వాటితో మాట్లాడే కంట్రోలర్లకు ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి ఇంగ్లీషు ఉండాలని ఆ తర్వాత నియమం వచ్చింది. అయితే నాలుగో స్థాయి అంటే కాన్వెంటు యాస కాదు. ఎదుటివారికి స్పష్టంగా అర్థమైతే చాలు, సొంత యాస ఉన్నా పరవాలేదు. రేడియోలో వాడే వాక్యాలు చాలావరకు స్థిరమైనవి. అల్ఫా, బ్రావో, చార్లీ అంటూ మన పిల్లలు రాత్రి భోజనాల వరుసలో ఒకరి పేరు ఒకరు పలకడం మొదలుపెట్టారు. వంటాయనకు కూడా తన పేరు అక్షరం అక్షరం చెప్పి వచ్చారు.

అయిదో రోజు దారుల గురించి. మా కాలంలో మాకు తెలియనిది ఇదే కాబట్టి వివరాలు రాసుకొచ్చాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్ళు నిండాలి, 200 గంటలు విమానం నడపాలి, మొదటి తరగతి వైద్య పరీక్షలో నెగ్గాలి. కళ్ళద్దాలు ఉన్నంత మాత్రాన పౌర విమానయానంలో దారి మూసుకుపోదు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలన్న నియమాన్ని సడలించాలని 2025లో ప్రతిపాదన వచ్చింది. కానీ దాన్ని నమ్ముకోకుండా ఎంపీసీ తీసుకోవడమే మంచిదని మా అభిప్రాయం. ఖర్చు పదుల లక్షల్లో ఉంటుంది. మా ముగ్గురి ఇళ్ళూ అమ్మినా అంత రాదు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2010 మార్గదర్శకాల్లో ఈ కోర్సు మొదటి గ్రూపులో ఉంది. నియమాలు మారుతుంటాయి, జిల్లా సాంఘిక సంక్షేమ కార్యాలయంలో ఇప్పటి స్థితి అడిగి తెలుసుకోండి.

డబ్బు అడ్డురాని దారులూ ఉన్నాయి. ఇంటర్ ఎంపీసీతో ఎన్‌డీఏ పరీక్ష రాయవచ్చు. ఎస్సీ, ఎస్టీలకు ఫీజు లేదు, శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే. 2022 నుంచి అందులో అమ్మాయిలు కూడా చేరుతున్నారు. మన దేశపు తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016 జూన్ 18న పట్టా పుచ్చుకున్నది మన దుండిగల్ అకాడమీలోనే. ఇంకొకటి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ ఉద్యోగం. మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసినవాళ్ళు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ పరీక్ష రాయవచ్చు. మేము ముగ్గురం ఆ అర్హత ఉండి కూడా ఆ పేరు అక్కడే మొదటిసారి విన్నాం.

ఆరో రోజంతా కంప్యూటర్ మీద విమానం నడిపే ఆట. అందరూ కనీసం రెండుసార్లు కూల్చారు.

ఏడో రోజు సెస్నాలో ఎక్కిస్తామని మొదటి రోజే మాట ఇచ్చారు. తమ్ముళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే స్నానాలు చేసి, ఇస్త్రీ లేకపోయినా ఉతికిన యూనిఫారాలు వేసుకుని కూర్చున్నారు. ముగింపు సభకు రావలసిన అతిథులు తొమ్మిది దాటాక వచ్చారు. శాలువాలు, ఫోటోలు అయ్యేసరికి పావు తక్కువ పది. ఒక్కో విడతకు ముగ్గురు. ఎక్కేముందు పిల్లలను తూకం వేశారు. బరువైనవాళ్ళను ముందు సీట్లో, తేలికైనవాళ్ళను వెనక కూర్చోబెట్టారు. నల్లమట్టి తెచ్చిన తమ్ముడు మా చెవిలో అన్నాడు, "అన్నా, ఇప్పుడు మనమే మట్టిముద్దలం."

మూడు విడతలు, తొమ్మిది మంది. పదకొండు గంటలకు మేడమ్ ఇంజిన్ ఆపేశారు. ఎండ 41 డిగ్రీలు. వేడికి గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు ఉంటే, అదే పీడనంలో 41 డిగ్రీల దగ్గర సుమారు 1.12 కిలోలే. మన ప్రాంతం సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉండటం వల్ల ఇంకొంత తగ్గుతుంది. పలచని గాలిలో రెక్కకూ బలం తగ్గుతుంది, ఇంజిన్‌కూ తగ్గుతుంది, లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఆ స్ట్రిప్ చిన్నది. పైగా నేల వేడికి గాలి పైకి తన్ని విమానాన్ని కుదుపుతుంది. పిల్లలతో ఆ సాహసం చేయనని ఆమె ఖచ్చితంగా చెప్పారు. ఆమె చేసింది న్యాయమే. పొద్దుటి చల్లని గాలి మూడు గంటలు సభకు పోవడం మాత్రం న్యాయం కాదు.

మిగిలిన ఇరవై మూడు మంది ఏమీ అనలేదు. అనకపోవడమే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. ఇవ్వనిదాన్ని అడగకుండా ఊరుకోవడం మన హాస్టళ్ళలో బాగా నేర్చుకుంటాం.

కాయితం రాకెట్ ప్రశ్న వేసిన తమ్ముడు ఆ ఇరవై మూడు మందిలో ఉన్నాడు. తిరుగు బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా మా సీటు దగ్గరికి వచ్చి నోటుబుక్కు చూపించాడు. పొద్దున ఆరు గంటలకు 27 డిగ్రీలు, పదకొండుకు 41 అని రాసుకుని, పక్కన గాలి బరువు లెక్క వేశాడు.

"అన్నా, వచ్చే ఏడు విమానం ఆరింటికే మొదలుపెట్టి, సభ తర్వాత పెట్టుకోమని వాళ్ళకు చెప్తారా?"

హాస్టల్ చేరిన మర్నాడు నిర్వాహకులకు ఉత్తరం రాశాం. మొదటి వాక్యం అదే పెట్టి, వాడి లెక్క కాయితం జతచేశాం. గ్లైడర్ కొలతలు స్టడీ రూమ్ బోర్డు మీద ఉన్నాయి.