మెదడుకు మేలు చేసే మొక్కల రంగులు

మన సంస్థ సహాయం అందుకునే ఇళ్ళలో ఈమధ్య ఒక విన్నపం తరచూ వినిపిస్తోంది: "అబ్బాకు మతిమరుపు ఎక్కువైంది, జ్ఞాపకశక్తి క్యాప్సూల్స్ ఇప్పిస్తారా?" దాతల సొమ్ము మా దగ్గర అమానతు. అందుకే జవాబు చెప్పేముందు విషయం తెలుసుకున్నాం.

ఆ క్యాప్సూల్స్‌లో చాలావాటికి ఆధారం ఫ్లేవనాయిడ్లనే మొక్కల పదార్థాలు. నేరేడుపండు ఊదారంగు వాటిదే. ఉల్లిలోని క్వెర్సెటిన్, తేయాకులోని కాటెకిన్లు కూడా ఆ కుటుంబానివే. (ఉల్లిపాయకు పైపొరలు మరీ ఎక్కువ ఒలిచేయకండి, క్వెర్సెటిన్ ఎక్కువగా అక్కడే ఉంటుంది.)

శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. పొయ్యి ఎంత మండితే మసి అంత. అలా పుట్టే హానికర పదార్థాలు మెదడు కణాలను దెబ్బతీస్తాయి. ప్రయోగశాలలో ఫ్లేవనాయిడ్లు ఈ నష్టాన్ని తగ్గించాయి. కానీ అక్కడ కణాలపై వేసిన మోతాదు, మనం తిన్నాక మెదడుకు చేరదు. పేగులూ కాలేయమూ వాటిని చాలావరకు మార్చేస్తాయి.

మరి మనుషుల్లో? అమెరికాలో 77 వేల మందికి పైగా నర్సులను, ఇతర వైద్యరంగ ఉద్యోగులను 20 ఏళ్ళు గమనించారు. ఫ్లేవనాయిడ్లు బాగా తిన్నవారిలో మతిమరుపు ఫిర్యాదుల ముప్పు సుమారు 20 శాతం తక్కువని 2021లో ప్రకటించారు. అయితే మంచి తిండి తినేవారికి ఇతర మంచి అలవాట్లూ ఉంటాయి. ఘనతంతా పండ్లదే అనలేం.

గింకో ఆకుసారంలోనూ ఫ్లేవనాయిడ్లున్నాయి. 3,069 మంది వృద్ధులపై సుమారు 6 ఏళ్ళు జరిపిన పరీక్షలో అది డిమెన్షియాను తగ్గించలేదని 2008లో తేలింది. పైగా రక్తం పలచబరిచే మందులు వాడేవారికి అది ప్రమాదకరం కావచ్చు.

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది 2023లో వెలువడిన కోకో పరీక్ష. 3,500 మందికి పైగా పెద్దవయసువారు అందులో పాల్గొన్నారు. కొందరికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ మొదటినుంచీ ఆహారం నాసిగా ఉన్నవారిలో జ్ఞాపకశక్తి కొంత మెరుగైంది. లోటున్న చోటే ఫలితం కనిపించిందన్నమాట.

మన రంజాన్ కిట్‌లో బియ్యం, నూనె, పంచదార, సేమియా, ఖర్జూరం ఉంటున్నాయి. వృద్ధులున్న ఇళ్ళకు ఇకపై ఉల్లి, ఆకుకూరలు, ఆయా కాలాల్లో దొరికే పండ్లు కూడా ఇవ్వదలచాం. క్యాప్సూల్స్ మాత్రం కొనం. ఆ డబ్బుతో ముందు డాక్టరుకు చూపిస్తాం. థైరాయిడ్ సమస్య, బి12 లోపం వల్ల కూడా మతిమరుపు రావచ్చు, వాటికి మందులున్నాయి. ఈ ఏడాది మీరిచ్చే విరాళాల్లో కొంత ఆ రక్తపరీక్షలకు కేటాయిస్తున్నాం.