మేనేజ్‌మెంట్ విద్యకు తొలి మెట్టు: కాట్ పరీక్షకు సన్నాహం

స్వాతంత్ర్యానంతరం దేశంలో భారీ పరిశ్రమలు, బ్యాంకులు, సహకార సంస్థలు విస్తరించిన కొద్దీ, వాటిని దక్షతతో నడపగల నిర్వాహకుల అవసరం ఏర్పడింది. ఆ అవసరాన్ని గుర్తించి 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరాలలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ సంస్థలు స్థాపించబడినవి. 1973లో బెంగుళూరు, 1984లో లక్నో ఈ వరుసలో చేరినవి. 2015లో విశాఖపట్నానికి కూడ ఈ భాగ్యం దక్కింది. నేడు ఇట్టి సంస్థలు ఇరవైకి పైగా వున్నవి. వీటిలో ప్రవేశానికి అఖిల భారత స్థాయిలో ఏటా జరిగే పరీక్షయే కామన్ అడ్మిషన్ టెస్ట్. విద్యార్థులు దీనిని 'కాట్' అని వ్యవహరిస్తారు.

అర్హతలు

ఏదేని విషయంలో పట్టభద్రులైనవారు 50 శాతం మార్కులు పొందివుంటే ఈ పరీక్షకు అర్హులు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు 45 శాతం చాలును. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నవారు కూడ దరఖాస్తు చేసుకొనవచ్చును. ఇంజనీరింగు చదివినవారికే ఈ పరీక్ష అన్న అభిప్రాయం సరికాదు. చరిత్ర, వాణిజ్యం, వ్యవసాయం చదివినవారికి కూడ ద్వారం తెరిచే వున్నది. సీట్లలో షెడ్యూల్డు కులాలకు 15 శాతం, తెగలకు 7.5 శాతం, వెనుకబడిన తరగతులకు 27 శాతం రిజర్వేషను కలదు. ఆర్థికంగా బలహీనవర్గాలకు 10 శాతం వరకు, వికలాంగులకు 5 శాతం సీట్లు కేటాయిస్తారు.

పరీక్షా స్వరూపం

2009 నుండి ఈ పరీక్ష కంప్యూటరుపై జరుగుతున్నది. ఇందులో మూడు విభాగాలున్నవి: ఆంగ్ల భాషా గ్రహణశక్తి, దత్తాంశ విశ్లేషణతో కూడిన తార్కిక వివేచన, గణితం. 2020 నుండి ఒక్కొక్క విభాగానికి 40 నిమిషాల గడువు అమలులో వున్నది. ఒకదాని గడువు ముగియక ముందు మరొకదానికి వెళ్లే వీలు లేదు. 2024లో మొత్తం 68 ప్రశ్నలు ఇవ్వబడినవి. సరియైన జవాబుకు 3 మార్కులు లభిస్తాయి. నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొనే ప్రశ్నలో తప్పు చేస్తే ఒక మార్కు తగ్గుతుంది. జవాబును స్వయంగా నమోదు చేసే ప్రశ్నలలో ఈ కోత లేదు.

ఈ నియమంలోని లెక్కను అభ్యర్థి గ్రహించాలి. ఏమీ తెలియక నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా జవాబు పెడితే, సగటున ఒకటి ఒప్పయి 3 మార్కులు వస్తాయి. మూడు తప్పయి 3 మార్కులు పోతాయి. ఫలితం శూన్యం, కాలం వృథా. కాని రెండు జవాబులు తప్పని నిశ్చయంగా తెలిసినప్పుడు, మిగిలిన రెండింటిలో ఒకటి ఎన్నుకొనడం లాభదాయకం. కనుక ధైర్యానికి ఆధారం వుండాలి.

భాష అనే అడ్డంకి

ప్రశ్నపత్రం ఆంగ్లంలోనే వుంటుంది. తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థి వెనుకంజ వేసేది ఇక్కడనే. గణితంలో ఆరితేరినవాడు కూడ వ్యాసఖండికను చూచి నిరుత్సాహపడటం కద్దు. దీనికి నిఘంటువును కంఠస్థం చేయడం పరిష్కారం కాదు. మొదటి విభాగంలో అధికభాగం ప్రశ్నలు పఠనానికి సంబంధించినవే కనుక ప్రతిదినం ఒక ఆంగ్ల సంపాదకీయాన్ని చదివి, రచయిత ఏమి వాదిస్తున్నాడో ముందు తెలుగులో ఒక వాక్యంలో వ్రాయాలి. ఆ వాక్యాన్నే తరువాత ఆంగ్లంలో వ్రాయాలి. భావం పట్టుబడినదా లేదా అన్నది మాతృభాషలో వెంటనే తేలిపోతుంది. కొన్ని మాసాలు ఇట్లు సాధన చేస్తే భయం తొలగి, వేగం పెరుగుతుంది.

గణితం, తర్కం

గణిత విభాగానికి పునాది పదవ తరగతి పాఠాలలోనే వున్నది. ఉదాహరణకు, ఒక వర్తకుడు 100 రూపాయల సరుకు వెలను 25 శాతం పెంచి, పిదప 20 శాతం తగ్గింపు ఇచ్చాడనుకుందాం. 5 శాతం లాభమని తొందరపాటుతో తోస్తుంది. నిజానికి 125 రూపాయలలో 20 శాతం 25 రూపాయలు. అమ్మిన వెల మరల 100 రూపాయలే. లాభం లేదు, నష్టం లేదు. సూత్రం కంటె శాతం దేనిపై లెక్కించబడుతున్నదన్న వివేచన ముఖ్యం. తార్కిక విభాగంలో తేలిక ప్రశ్నల సముదాయాన్ని మొదట గుర్తించి, కఠినమైన దానిని విడిచిపెట్టడం కూడ ఒక నేర్పే.

సాధనా క్రమం

ఎనిమిది, పది మాసాల వ్యవధి వున్నవారు మొదటి మూడు మాసాలు పాఠశాల గణిత పుస్తకాలతో పునాది వేసుకొనాలి. తరువాత గత సంవత్సరాల ప్రశ్నపత్రాలను గడువు పెట్టుకొని సాధించాలి. ప్రతి తప్పును ఒక నోటుపుస్తకంలో కారణంతో సహా వ్రాసుకొనాలి: తెలియక చేసినదా, తొందరలో చేసినదా, ప్రశ్న సరిగా చదవక చేసినదా? శిక్షణ కేంద్రాల రుసుము చెల్లించలేనివారికి ఈ పుస్తకమే మంచి గురువు.

ఫలితాలు పర్సెంటైలు రూపంలో వెలువడుతాయి. 95 పర్సెంటైలు అనగా 95 మార్కులు కాదు; పరీక్ష వ్రాసినవారిలో సుమారు 95 శాతం మందికంటె ముందున్నట్లు అర్థం. కనుక కొన్ని ప్రశ్నలు విడిచినంత మాత్రాన నిరాశ చెందనవసరం లేదు. అయితే ఇంతటితో ఎంపిక ముగియదు. ఇంటర్వ్యూ, పూర్వ విద్యాఫలితాలు, ఉద్యోగానుభవం కూడ పరిగణింపబడతాయి.

అస్సాం యువతి, కేరళ యువకుడు, అనంతపురం రైతుబిడ్డ ఒకే తరగతిగదిలో కూర్చొని దేశ సమస్యలను చర్చించే అవకాశం ఈ పరీక్ష వలన కలుగుతున్నది. ఆ గదిలో తెలుగు పల్లెల యువతకు కూడ స్థానమున్నది. దానిని అందుకొనడానికి క్రమం తప్పని సాధనయే మార్గం.