నీడ లేని చిత్రములు

హైదరాబాదు నగరమున అమీర్‌పేట కూడలియొద్ద సంధ్యాసమయమున నిలిచి చూచువారికి మొట్టమొదట కన్నులబడునవి రంగులు. శిక్షణాలయముల పేరుపలకలు, పంజగుట్ట వైపు పోవు దారిలోని బట్టల దుకాణములు, నగల దుకాణములు అన్నియు వెలుగులో మునిగియుండును. ఆ పలకలలో ఎరుపు, పసుపు హెచ్చు. త్వరితముగ సాగిపోవు బాటసారి చూపును ఒక్క క్షణమున పట్టి నిలుపవలెనన్నచో ఆ రంగులే తగినవని వానిని తయారుచేయువారు ఎరుగుదురు. ఈ యెరుక క్రొత్తది కాదు. విద్యుద్దీపము రాకముందే తెలంగాణమునందలి చిత్రకారులకు ఇది తెలిసియుండెను.

అమీర్‌పేటను ఆనుకొని బల్కంపేటలో ఎల్లమ్మ దేవాలయము కలదు. అమ్మవారి మూర్తి నేలమట్టమునకు దిగువన శయనించియుండును. ఆషాఢమాసమున కల్యాణము జరుగునప్పుడును, బోనములు తరలివచ్చునప్పుడును ఆ వీధులు చూడదగినవి. కుండకు పసుపు కుంకుమలు, చుట్టును వేపమండలు, పైన ప్రమిదలో దీపము. పోతురాజు మేనినిండ పసుపు, నుదుట కుంకుమ, నడుమున ఎర్రని వస్త్రము. ఇచ్చట రంగు కేవలము అలంకారము కాదు. అది ఒక గుర్తు. దూరమునుండి చూచినవారికి సైతము ఇది దేవతకు సంబంధించినదని అది తెలుపును. ఈ రంగుల భాష గుడ్డపైకి ఎక్కి కథలు చెప్పినచోటు చేర్యాల.

చేర్యాల హైదరాబాదునకు ఈశాన్యమున నూరు కిలోమీటర్లలోపు దూరమున నున్నది. పూర్వము వరంగల్లు జిల్లాలో నుండిన ఈ యూరు 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరినది. ఇచ్చటి చిత్రకారులను నకాశీవారందురు. చిత్రలేఖనమును తెలుపు పారశీక పదమునుండి వచ్చినది ఆ పేరు. వీరు గోడకు తగిలించుటకై చిత్రములు వ్రాసినవారు కారు. ఊరూర తిరిగి కథలు చెప్పువారికై పటములు వ్రాసినవారు. పద్మశాలీలకు వారి కులపురాణమును కూనపులివారు చెప్పుదురు. గొల్లలకు కాటమరాజు కథ, గౌడులకు గౌడపురాణము ఉన్నవి. పటము సుమారు మూడడుగుల వెడల్పున, నలుబది అడుగులకు మించిన పొడవున ఉండెడిది. కథకుడు దానిని చుట్ట విప్పుచు ఒక్కొక్క ఘట్టమును చూపుచు పాడెడివాడు. జనము ఎదుట నేలపై కూర్చుండెడివారు.

పటమునకు ఖద్దరు గుడ్డ కావలెను. గంజి, సుద్ద, ఉడికించిన చింతగింజల ముద్ద, తిరుమణి బంక కలిపి ఆ గుడ్డకు పూతలు పూసి ఆరబెట్టుదురు. పిదప కుంచెతోనే బొమ్మల రూపురేఖలు నేరుగ గీయుదురు. వెంటనే పడునది ఎరుపు. బొమ్మల నడుమ మిగిలిన చోటునంతయు ఇంగిలీకముతో నింపుదురు. ఆ మీదట దేహముల వర్ణములు, వస్త్రములు, నగలు. అన్నిటికి కడపట నల్లని సన్నని గీత. తెలుపునకు శంఖపుచిప్పల పొడి, నీలమునకు నీలిమందు, నలుపునకు దీపపు మసి. బొమ్మకు గీతనిచ్చిన మసియు దీపమునుండి వచ్చినదే. రాత్రివేళ కథ చెప్పినచో ఆ బొమ్మను జనులకు చూపునదియు దీపమే.

ఈ పటములలో నీడ యుండదు. ఇది చిత్రకారుని చేతకానితనమని కొందరు తలంతురు. ఆ తలంపు సరికాదు. హాలెండు దేశపు రెంబ్రాంట్ (1606–1669) వంటి చిత్రకారులు ఒక దిక్కునుండి వచ్చు వెలుగును, దానికి ఎదుటి చీకటిని చూపిరి. మనదేశమున రవివర్మ (1848–1906) ఆ తైలవర్ణ పద్ధతిని చేపట్టెను. అట్టి చిత్రము ఒక్క చోటును, ఒక్క క్షణమును చూపును. నకాశీ పటమున ఒకే నాయకుడు పదుల ఘట్టములలో కనబడును. దేవతలకు నీలమును పసుపును, రాక్షసులకు ముదురు వర్ణమును, మనుష్యులకు గులాబి ఛాయను వేయుట వాడుక. అమ్మవారి మోమున సగము నీడపడినచో ఆ పసుపు మాసిపోవును; వెనుక వరుసలో కూర్చున్న ముసలమ్మ ఆమెను గుర్తింపలేదు. కావున వెలుగు ఎచ్చటినుండియో వచ్చి బొమ్మపై పడదు, రంగులోనే యుండును. ఆసియా ఖండమున ఈ పద్ధతి చేర్యాలకే పరిమితము కాదు. పారశీక లఘుచిత్రములందును, జపాను దారుముద్రణ చిత్రములందును రాత్రి దృశ్యమున సైతము మనుష్యులు స్పష్టముగనే కనబడుదురు. చంద్రుడో కాగడాయో రాత్రియని తెలుపును.

మరి నేల ఎరుపేల? నూనెదీపపు వెలుతురులో ఎరుపు, పసుపు కిరణములు హెచ్చు, నీలకిరణములు తక్కువ. అందుచే ఆ వెలుతురున ఇంగిలీకము ప్రజ్వరిల్లును, నీలము నల్లబడును. మండుచున్న ఎరుపుపై నల్లబడిన నీలిదేవుని ఆకారము విస్పష్టముగ తెలియును. శంఖచూర్ణపు తెల్లని చుక్కలు నగలై మెరయును. నకాశీవారు ఈ శాస్త్రమును చదివి ఎరుపు నెన్నుకొనిరనుటకు వీలులేదు. తరతరములుగ చూచి చూచి కుదుర్చుకొనిరనుట యుక్తము.

విష్ణుధర్మోత్తర పురాణమునందలి చిత్రసూత్రము చిత్రమును మెచ్చువారిని తెగలుగ విభజించి, రేఖను ఆచార్యుల పాలు చేసి, రంగుల పుష్టిని సామాన్యులకు వదలినది. ఈ విభజనలో కొంత చిన్నచూపు లేకపోలేదు. చేర్యాల పటమున ఆ రెండును వేరుకావు. నల్లని గీత లేనిదే రంగులు ఒకదానిలో నొకటి కలిసిపోవును. రంగు లేనిదే గీత ఆమడదూరమున నున్నవారికి అందదు.

పటము చిరిగి పనికిరానిదైనప్పుడు దానిని పారవేయుట కాని అమ్ముకొనుట కాని ఆచారము కాదు. పూజచేసి నదిలో కలిపి, క్రొత్తది వ్రాయించుకొనెడివారు. అందువలన ప్రాచీన పటములు అరుదు. 1625 ప్రాంతమునాటి పటమొకటి హైదరాబాదునందు జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు నెలకొల్పిన కళాసంగ్రహాలయమున నిలిచియున్నది. సినిమా, టెలివిజను వచ్చిన పిదప కథకులు తగ్గిరి. వారితోపాటు పటములు వ్రాయించుకొనువారును తగ్గిరి. ఈ విద్యను ధనాలకోట చంద్రయ్య, ధనాలకోట వైకుంఠము మొదలైనవారు విడువక నిలిపిరి.

నేడు నకాశీవారి యింట అడుగు పొడవు చిత్రములు, కొయ్యపొట్టును చింతగింజల ముద్దను కలిపి చేసిన ముఖపు బొమ్మలు తయారగుచున్నవి. నలుబది అడుగుల కథలోనుండి ఒక్క ఘట్టము విడివడి, అద్దము బిగించుకొని నగరపు ఇంటి గోడను చేరును. అచ్చట తెల్లని విద్యుద్దీపము క్రింద ఇంగిలీకపు ఎరుపు నూనెదీపమున వెలిగినట్లు వెలుగదు. శంఖచూర్ణమునకు మారుగ అంగడిలో దొరకు రంగులను వాడుటయు కలదు. ఎర్రని నేలను మాత్రము చాలమంది విడువలేదు. కొనువారి కోరికపై కొందరు నీలినేలను, ఆకుపచ్చ నేలను కూడ వేయుచున్నారు.