గేరు పడని లారీకి సీసా మందు పనిచేస్తుందా?

మన సొసైటీ నుంచి ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని అప్పు, తీసుకునే కుటుంబాల్లో లారీ మీద బతికేవారు తక్కువేమీ కాదు. పాత లారీ ఒకటి కొనుక్కుని సొంతంగా తోలుకునేవారు, యజమాని దగ్గర జీతానికి వెళ్లేవారు, షెడ్లలో పనిచేసే మేస్త్రీలు, వారి దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లలు, అందరూ ఉన్నారు. రిపేరు కోసం అప్పు అడిగేవారి నోట ఇంజను, టైర్ల తర్వాత తరచుగా వినిపించే మాట గేర్ బాక్సు. దాని వెంటనే ఈ మధ్య ఇంకో మాట కూడా వినిపిస్తోంది: "ముందు ఒక సీసా పోసి చూద్దాం సార్."

ఆ సీసాలో ఉండేది గేర్ ఆయిల్‌లో కలిపే ద్రవం. దుకాణం వారు దాన్ని ఆడిటివ్ అంటారు, డ్రైవర్లు మందు అంటారు. పోస్తే గేర్లు వెన్నలా పడతాయని, చప్పుడు తగ్గుతుందని, అరుగుదల ఆగిపోతుందని సీసా మీద రాసి ఉంటుంది. సీసా ధర వందల్లో ఉంటుంది, గేర్ బాక్సు దించితే ఖర్చు వేలల్లోకి పోతుంది. కాబట్టి ఆశ పడటం తప్పు కాదు. కానీ మనం ఇచ్చే డబ్బు దాతల అమానత్. అది సీసాకు పోవాలా, స్పానరుకు పోవాలా అన్నది తెలుసుకుని ఇవ్వడం మన బాధ్యత. మేము మేస్త్రీలం కాము, సైన్సు పాఠం చెప్పుకునేవాళ్లం. అయితే ఈ ప్రశ్నకు జవాబులో చాలా భాగం ఎనిమిదో తరగతి ఘర్షణ పాఠంలోనే ఉంది.

కదులుతున్న బస్సు ఎక్కేవాడిని గుర్తు తెచ్చుకోండి. (పిల్లలకు ఈ ఉదాహరణ చెప్పి, మీరు మాత్రం అలా ఎక్కవద్దని కూడా చెబుతాం.) అతను ఒక్కసారిగా ఎగిరి ఫుట్‌బోర్డు మీద పడడు. నాలుగడుగులు బస్సు పక్కన పరుగెత్తి, తన వేగం బస్సు వేగంతో సమానం కాగానే కాలు పెడతాడు. గేరు పడటం కూడా ఇలాంటిదే. గేర్ బాక్సులో ఒక వేగంతో తిరుగుతున్న చక్రానికి, మరో వేగంతో తిరుగుతున్న షాఫ్టుకు పొత్తు కుదరాలి. రెండు వేగాలూ కలవకుండా పళ్లు కలిస్తే గర్రుమంటుంది. ఆ పరుగు పరుగెత్తడానికి పెట్టినదే సింక్రో రింగు. చాలా గేర్ బాక్సుల్లో ఇది ఇత్తడి రింగు. లోపలి వైపు కోను ఆకారంలో ఉండి, దాని మీద సన్నని గాడులుంటాయి. డ్రైవరు రాడ్డు తోయగానే రింగు గేరు కోను మీద ఒత్తుకుంటుంది. గాడులు మధ్యలో ఉన్న నూనె పొరను తుడిచేస్తాయి. లోహం లోహాన్ని పట్టుకుంటుంది. సెకనులో చిన్న భాగంలో వేగాలు సమానమవుతాయి, పళ్లు మెత్తగా కలుస్తాయి.

ఈ పని జరిగేది పట్టు వల్ల, జారుడు వల్ల కాదు. బురదలో పరుగెత్తేవాడు బస్సు వేగాన్ని ఎలా అందుకోలేడో, నూనె మరీ జారుడుగా ఉంటే రింగు కూడా గేరు వేగాన్ని అలాగే అందుకోలేదు. కోను మీద జారిపోతూ ఉంటుంది, ఈలోపు డ్రైవరు బలంగా తోస్తాడు, పళ్లు గుద్దుకుంటాయి. కాబట్టి గేరు నూనె ఒకేసారి రెండు ఎదురెదురు పనులు చేయాలి. పళ్ల మధ్య జారనివ్వాలి, రింగు దగ్గర పట్టనివ్వాలి. నూనె తయారుచేసేవారి నేర్పంతా ఈ రెండింటి మధ్య కొలత కుదర్చడంలోనే ఉంది. "అంతా జారుడు చేస్తాం" అని చెప్పే సీసా ఆ కొలతను ఒక పక్కకు లాగేస్తుంది. జారుడు పెంచే రసాయనం పోస్తే ఇంజను ఆయిల్‌లో మేలు జరుగుతుందేమో, వేరే చర్చ. సింక్రో రింగు దగ్గర మాత్రం కీడు జరిగే అవకాశమే ఎక్కువ.

అసలు రింగులే లేని గేర్ బాక్సులు కూడా ఉన్నాయి. మన పాత లారీల్లో చాలావాటికి ఉండేవి కావు. అందుకే పెద్ద డ్రైవర్లు డబుల్ క్లచ్ వేసేవారు: ఒకసారి తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వేగం సరిచూసుకుని, మళ్లీ తొక్కి గేరు వేయడం. రింగు చేసే పనిని కాలితో, చెవితో చేసేవారు. అమెరికా రోడ్ల మీద తిరిగే పెద్ద ట్రక్కుల్లో ఈటన్ ఫుల్లర్ వంటి పది, పదమూడు, పద్దెనిమిది గేర్ల బాక్సులు ఇప్పటికీ చాలావరకు ఈ పద్ధతివే. అక్కడ గేరు పడటం డ్రైవరు నేర్పు మీద ఆధారపడింది. సీసాలో నేర్పు దొరకదు. ఆ గేర్ బాక్సుల్లో ఆడిటివ్‌లు గానీ, జారుడు మార్చే రసాయనాలు గానీ కలపవద్దని ఈటన్ కంపెనీ తన లూబ్రికేషన్ పుస్తకంలో చెప్పింది. సరుకు తయారుచేసినవాడే వద్దంటున్నప్పుడు ఆ మాటకు విలువ ఇవ్వాలి.

నూనెలో మరో సంగతి ఉంది, మన షెడ్లలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోందని మా అభిప్రాయం. గేరు నూనె డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. అయిదు నాలుగు కంటే పెద్దది గనుక మంచిదని చాలామంది అనుకుంటారు. ఇవి పరీక్షలో మార్కులు కావు. జీఎల్-5 వెనక యాక్సిల్‌లోని డిఫరెన్షియల్ కోసం ఉద్దేశించింది. అక్కడ పళ్ల మీద ఒత్తిడి, రాపిడి చాలా ఎక్కువ. దాన్ని తట్టుకోవడానికి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు జీఎల్-4 కంటే సుమారు రెట్టింపు కలుపుతారు. చురుకైన గంధకం వేడి మీద ఇత్తడిని తినగలదు, కాబట్టి ఇత్తడి రింగులున్న గేర్ బాక్సులకు చాలా కంపెనీలు జీఎల్-4 సూచిస్తాయి. కొన్ని కంపెనీలు వేరేది సూచిస్తాయి. అందువల్ల బండితో వచ్చిన పుస్తకంలో ఏముందో అదే చివరి మాట. రెండు చోట్లా ఒకే డబ్బా పోసేసి, తర్వాత గేరు గట్టిగా పడుతోందని సీసా కొనడం మనకు కొత్తేమీ కాదు.

చిక్కదనం సంగతి క్లుప్తంగా చెబుతాం. చలి దేశాల్లో తెల్లవారుజామున నూనె తేనెలా గడ్డకట్టి గేర్లు కదలవు, పల్చని నూనె పోస్తే నిజంగానే తేడా తెలుస్తుంది. 80డబ్ల్యూ నూనెకు మైనస్ 26 డిగ్రీల దగ్గర, 75డబ్ల్యూ నూనెకు మైనస్ 40 డిగ్రీల దగ్గర చిక్కదనం ఒక హద్దు దాటకూడదని ప్రమాణం. మనకు లంబసింగి చలే గొప్ప. అక్కడి సీసా మీద ఉన్న పొగడ్త ఇక్కడి ఎండకు వర్తించదు.

మరి "నేను పోశాను, తేడా కనిపించింది" అని చెప్పేవారు అబద్ధమాడుతున్నారా? లేదు. సాధారణంగా సీసా పోసే రోజే పాత నూనె కూడా తీసేస్తారు. ఏళ్ల తరబడి మార్చని నూనె మారిస్తే గేరు తేలిక కావడంలో వింత లేదు, పేరు మాత్రం సీసాకు వస్తుంది. ఒకోసారి నూనె తక్కువగా ఉన్న బాక్సులో సీసా పోయడంతో మట్టం కాస్త పెరుగుతుంది. ఇంకోసారి డబ్బు పెట్టినవాడి చెయ్యి తెలియకుండానే నెమ్మదిగా గేరు వేస్తుంది. సైన్సు ప్రయోగంలో పిల్లలకు మేము మొదట నేర్పేది, ఒకసారి ఒక్కటే మార్చమని. సీసాను నిజంగా పరీక్షించాలంటే ముందు పుస్తకంలో చెప్పిన కొత్త నూనె పోసి పది రోజులు తోలాలి. తర్వాత డ్రైవరుకు చెప్పకుండా సీసా కలిపి మరో పది రోజులు చూడాలి. అలా చూసినవారు మాకు ఇంతవరకు తారసపడలేదు.

ఆధారం లేకుండా ప్రకటనలు చేస్తే ఏమవుతుందో అమెరికాలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. స్లిక్ 50 అన్నది ఇంజను ఆయిల్‌లో కలిపే సరుకు. ఇంజను అరుగుదల తగ్గిస్తుందన్న దాని ప్రకటనలకు సరైన ఆధారం లేదని 1996లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 1997లో కంపెనీ రాజీకి వచ్చింది. అది ఇంజను సరుకు, గేరు సరుకు కాదు. అన్ని సీసాలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. కానీ రుజువు చూపించాల్సింది అమ్మేవాడే అన్న సూత్రం రెండింటికీ ఒకటే. మన దేశంలోనూ 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే బిల్లు లేనివాడి ఫిర్యాదు నిలవడం కష్టం. మన డ్రైవర్లలో బిల్లు అడిగేవారు ఎందరు?

గేరు గట్టిగా పడటానికి అసలు కారణాలు చాలావరకు నూనె బయటే ఉంటాయి. దీనికి మేస్త్రీలు చేసే చిన్న పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. బండి సమతలం మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను ఆపి అన్ని గేర్లూ వేసి చూడాలి. తేలిగ్గా పడి, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రం మొరాయిస్తే క్లచ్ పూర్తిగా వదలడం లేదని అనుమానించాలి. క్లచ్ లైనులో గాలి చేరిందా, ప్లేటు అరిగిందా అన్నది చూడాలి. ఇంజను ఆపినా గట్టిగానే ఉంటే గేరు రాడ్డు బుష్షులు, లింకేజీ చూడాలి. అవి బాగుంటే అప్పుడు బాక్సు లోపలికి వెళ్లాలి. నూనె తీసేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి అంటుకున్నది కూడా మాట్లాడుతుంది: మెత్తని నల్లని ముద్ద మామూలే, ఉక్కు ముక్కలుంటే పన్ను విరిగింది. నూనెలో పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి రింగు అరుగుతోంది. అరిగిన రింగును ఏ ద్రవమూ తిరిగి పెంచలేదు.

దీన్ని డబ్బు లెక్కగా మాత్రమే చూడకూడదు. ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు నల్లమల ఘాట్ దిగే లారీకి కింది గేరే సగం బ్రేకు. మలుపులో గేరు మార్చబోయి పడకపోతే బండి న్యూట్రల్‌లో ఉండిపోతుంది. బరువంతా బ్రేకుల మీద పడుతుంది, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. సీసా పోసి "మళ్లీ ట్రిప్పు తర్వాత చూద్దాం" అని రిపేరు వాయిదా వేసే డ్రైవరు ఆ మలుపులో పందెం కడుతున్నది తన ఇంటిల్లిపాదినీ. మన దగ్గర దరఖాస్తు పెట్టేది అతను. అతనికి ఏమైనా జరిగితే వితంతు సహాయం కోసం దరఖాస్తు పెట్టేది అతని భార్య.

చిక్కని సీసాల గురించి ఇంకొక మాట. కొన్ని ద్రవాలు నూనెను చిక్కబరిచి లోపలి చప్పుడును కప్పేస్తాయి. పాత బండ్లు అమ్మేవారు కొందరు గేర్ బాక్సులో రంపపు పొట్టు పోసి చప్పుడు దాచేవారని పెద్దలు చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ పొట్టు స్థానంలో సీసా వచ్చింది. ప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా కనిపిస్తున్నా లోపల దాచిన తడిని బయటపెట్టిన సంఘటన మనందరికీ తెలుసు. పాత లారీ గేర్ బాక్సు కూడా అలాంటి రాశే. మన అప్పుతో పాత బండి కొనేవారు బేరం కుదరకముందే డ్రెయిన్ ప్లగ్ విప్పి కొంచెం నూనె బయటికి తీయించి చూడాలి. అమ్మేవాడు ఒప్పుకోకపోతే మరో బండి చూసుకోవచ్చు.

ఇక కమిటీ పెద్దలకు మా విన్నపం. గేర్ బాక్సు పేరుతో అప్పు అడిగినప్పుడు దరఖాస్తులో మూడు సంగతులు రాయించండి: చివరిసారి నూనె ఎప్పుడు మార్చారు, ఏ నూనె పోశారు, ఇంజను ఆపి చేసిన పరీక్షలో ఏం తేలింది. నూనె మార్చి ఏళ్లయి ఉంటే మొదటి విడతగా సరైన నూనెకు, క్లచ్ పనికి ఇవ్వండి; చాలామందికి అక్కడితోనే పని తీరవచ్చు. సీసాకు మాత్రం సొసైటీ డబ్బు ఇవ్వవద్దు.

కంపెనీ పుస్తకాల్లో నూనెల పట్టిక ఇంగ్లీషులో ఉండటం వల్ల మన డ్రైవర్లలో చాలామంది దాన్ని తెరిచి చూడరు. మా పదో తరగతి పిల్లల చేత ఈ సెలవుల్లో ఆ పట్టికలను తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలనుకుంటున్నాం. బండి రకం, గేర్ బాక్సులో ఏ నూనె, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి, వెనక యాక్సిల్‌లో ఏ నూనె అన్న అయిదు గళ్లు చాలు. లామినేషన్ చేసి క్యాబిన్‌లో తగిలించుకునే సైజులో ఉంటుంది. తమ బండి పుస్తకం ఉన్నవారు ఆ ఒక్క పేజీ జిరాక్సు తీయించి సొసైటీ ఆఫీసులో ఇస్తే పిల్లలకు పని దొరుకుతుంది.